పట్టు మీద కొలువుదీరిన పక్షులు

పాత చైనాలో ఒక అధికారి హోదా తెలియాలంటే అతని ఛాతీ చూస్తే చాలు. మింగ్ వంశం 1391లో పెట్టిన కట్టడి ప్రకారం పౌర అధికారులు పక్షిని, సైనికాధికారులు మృగాన్ని కుట్టిన చదరపు పట్టుముక్కను అంగీకి ముందూ వెనకా ధరించేవారు. తర్వాత వచ్చిన మంచూ పాలకులు కొలువు దుస్తుల తీరంతా మార్చారు గాని, ఈ చదరాన్ని వదులుకోలేదు. వాళ్ల చింగ్ వంశ కాలంలో మొదటి శ్రేణి పౌర అధికారికి సారస పక్షి, మూడో శ్రేణికి నెమలి, ఎనిమిదో శ్రేణికి కౌజుపిట్ట. భార్య కూడా భర్త హోదా చదరాన్నే ధరించేది. ఆమె పక్షి మాత్రం భర్త పక్షికి ఎదురువైపు తిరిగి ఉండేది, ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే పక్షులు ఎదురెదురుగా చూసుకునేలా.

ఈ కుట్టుపనిలో నన్ను కట్టిపడేసేది రంగుల కన్నా వెలుగు. పట్టుపోగుకు పురి పెట్టకుండా, సన్నటి పాయలుగా విడదీసి, పక్కపక్కనే ఒత్తుగా నింపుతారు. పురి లేని పోగు బట్ట మీద నునుపుగా పరుచుకుని మెరుస్తుంది. కుట్టు వాలు మారితే మెరుపూ మారుతుంది. అందువల్ల సారసం మెడలోనూ రెక్కలోనూ ఉన్నది ఒకే తెల్లదారమైనా, కంటికి రెండు తెలుపులు కనిపిస్తాయి. చదరాన్ని చేతిలో కాస్త వంచితే ఈకలు కదిలినట్టే ఉంటుంది. ఫొటోలో ఇది ఎప్పటికీ పట్టుబడదు.

బంగారు దారం సంగతి వేరు. పలుచటి కాగితానికి బంగారు రేకు అంటించి, సన్నని పట్టీలుగా కోసి, పట్టుపోగు చుట్టూ చుడతారు. దాన్ని సూదితో బట్టలోంచి లాగితే రేకు చెదిరిపోతుంది. అందుకే రెండేసి పోగులను పైనే పరిచి, సన్న పట్టుదారంతో అక్కడక్కడా కుట్టి బిగిస్తారు. మన మగ్గం పని చేసేవాళ్లకు ఈ పద్ధతి చెప్పనక్కర్లేదు. బిగించే దారం ఎరుపైతే బంగారం వెచ్చగా, ఆకుపచ్చైతే చల్లగా కనిపిస్తుంది.

ఇంకొకటి ముడికుట్టు. సూదికి దారం చుట్టి దింపితే ఇసుకరేణువంత ముడి పడుతుంది. అలాంటివి వందలు పేర్చి ఒక పువ్వు నింపుతారు. ఈ కుట్టు వేసి ఆడవాళ్లు చూపు పోగొట్టుకున్నారనీ, అందుకే రాజు దీన్ని నిషేధించాడనీ వర్తకులు చెబుతుంటారు. ఆ నిషేధానికి చరిత్రలో ఆధారం లేదు. ఈ పనికి అలాంటి కథల అండ అవసరమూ లేదు.

చదరాన్ని ప్రభుత్వం ఇచ్చేది కాదు, అధికారే చేయించుకోవాలి. అందుకే అతని స్తోమత, అభిరుచి, కుట్టిన చేతి నేర్పు మూడూ అందులో కనిపిస్తాయి. 19వ శతాబ్దం చివర్లో పక్షిని విడిగా కుట్టి పైన అతికించడం కూడా మొదలైంది. పదోన్నతి వస్తే పిట్టను మారిస్తే సరిపోయేది. సేకర్తలు చాలామంది వీటిని చిన్నచూపు చూస్తారు. కానీ డబ్బుకు పదవులు అమ్ముడుపోయిన ఆ కాలాన్ని ఇంత సూటిగా చూపే వస్తువు మరొకటి ఉందా?

1912లో రాజరికం పోయింది. కొలువు దుస్తులు అంగళ్లకెక్కాయి. ఎన్నో చదరాలు చేతిసంచులుగా, దిండు గలీబులుగా మారాయి. మిగిలినవాటి కాలాన్ని పోల్చుకోవడానికి గుర్తులున్నాయి. మింగ్ కాలపువి పెద్దవి, చింగ్ కాలపువి సుమారు 30 సెంటీమీటర్లు. చింగ్ పైఅంగీ ముందు తెరుచుకునేది కాబట్టి, ఆ వైపు చదరం నిలువునా రెండు ముక్కలుగా ఉంటుంది. కళ్లు చెదిరే ఊదా రంగు కనిపిస్తే రసాయన రంగులు వచ్చాక చేసినదని అనుమానించాలి.

2014లో మింగ్ చక్రవర్తి యోంగ్‌లె కాలపు కుట్టుపని తంకా (బౌద్ధ దేవతా పటం) ఒకటి హాంకాంగ్ వేలంలో దాదాపు 4.5 కోట్ల అమెరికన్ డాలర్లు పలికింది. అది రాజముద్ర ఉన్న మహాపటం, దాని లెక్క వేరు. హోదా చదరం కొనదలిచినవారు మాత్రం ముందు అడగాల్సింది వెనకవైపు చూపించమని. అస్తరు విప్పి ఉంటే, ఎండ తగలని ఆ వైపు దారాల్లో అసలు రంగు ఇంకా నిలిచి ఉంటుంది. ముందువైపు ఎంత వెలిసిందో, ఎక్కడ మళ్లీ కుట్టారో అక్కడే తేలుతుంది.