జవాబివ్వని నీటి లెక్క

నేల లోపల గడ్డకట్టిన నీటిని కొలిచే పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది అయస్కాంత అనునాదం. ఆస్పత్రిలో ఎమ్మారై స్కాన్ వెనకున్న సూత్రమే ఇదీ. బోరులోకి దింపే పరికరంలో శాశ్వత అయస్కాంతం ఉంటుంది. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు దాని ప్రభావానికి ఒక వరుసలోకి వస్తాయి. రేడియో తరంగంతో వాటిని కదిలిస్తే సన్నని సంకేతం పంపుతాయి. పెద్ద రంధ్రాల్లోని నీటి సంకేతం కాసేపు నిలుస్తుంది. బంకమట్టి రేణువులను అంటుకున్న నీటిది కొన్ని మిల్లీసెకన్లలో ఆరిపోతుంది. మంచుదీ, మీథేన్ వాయువును లోపల బంధించుకున్న మంచులాంటి పదార్థమైన మీథేన్ హైడ్రేటుదీ మైక్రోసెకన్లలోనే ముగుస్తుంది. పరికరం వినడం మొదలుపెట్టేసరికే అక్కడ ఏమీ మిగలదు.

అందుకే ఇది హాజరు పిలవడం లాంటిది. పలికినవాళ్ల సంఖ్య తెలుస్తుంది; రానివాళ్లెందరో తేలాలంటే పట్టీలో మొత్తం ఎందరున్నారో తెలియాలి. ఆ మొత్తాన్ని సాంద్రత కొలిచే పరికరం చెబుతుంది. మొత్తం రంధ్రాల్లోంచి ద్రవ నీటి వాటా తీసేస్తే మిగిలేది హైడ్రేటు. కెనడాలోని మెకంజీ డెల్టాలో, హైడ్రేటు పరిశోధన కోసం తవ్విన మాలిక్ బావిలో 2002లో ఈ లెక్కే వేశారు. ఆ పరిశోధనలో మన కేంద్ర పెట్రోలియం శాఖ కూడా భాగస్వామి.

చిక్కు కూడా ఉంది. మంచూ పలకదు, హైడ్రేటూ పలకదు. శాశ్వతంగా గడ్డకట్టిన నేలలో ఏది ఏదో ఈ పరికరం ఒక్కటే తేల్చలేదు. ఆ లోతులో ఉష్ణోగ్రత, పీడనం ఎంతో చూడాలి. అయినా ఈ పద్ధతికి ఇంకో ఉపయోగం ఉంది. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలోనూ బంకమట్టిలో కొంత నీరు పలచని పొరగా ద్రవంగానే ఉండిపోతుంది. దాన్ని ఇంత నేరుగా చూపే పద్ధతులు తక్కువ. మంచునేల మీద వేసిన రోడ్డు, పైపులైను కుంగుతుందా నిలుస్తుందా అన్నదానికి ఆ పొర చాలా ముఖ్యం.

ఏ ఒక్క పద్ధతినీ ఒంటరిగా నమ్మలేమని మన దగ్గరా తేలింది. మన కృష్ణా గోదావరి బేసిన్‌లో 2006లో జోయిడెస్ రిజల్యూషన్ నౌక తవ్విన ఒకచోట బంకమట్టి పగుళ్లలో హైడ్రేటు దొరికింది. పగుళ్లు దాదాపు నిలువుగా ఉండటంతో, విద్యుత్ నిరోధం ఆధారంగా మామూలుగా వేసిన అంచనా, ఒత్తిడి తగ్గకుండా పైకి తెచ్చిన నమూనాల్లో తేలిన దానికన్నా చాలా ఎక్కువగా వచ్చింది. ఒక్క కొలతను నమ్మితే లెక్క అంత దూరం పోతుంది. మన తీరంలో ఇంత హైడ్రేటు ఉందని ఎక్కడైనా అంకె చదివితే, దాన్ని ఎన్ని పద్ధతుల్లో సరిచూశారో అడగండి.