మీట నొక్కడమే విద్యా?

కిందటి వేసవి సెలవులలో మా కళాశాల భౌతికశాస్త్ర విద్యార్థులను విశాఖపట్నం చేపల రేవుకు తీసుకొని వెళ్ళాను. ఒక మరబోటు సరంగు తన గదిలోని వి.హెచ్.ఎఫ్. రేడియోను మాకు చూపించాడు.

“ఎంత దూరం వినిపిస్తుంది, బాబాయ్?” అని మా విద్యార్థి ఒకడు అడిగాడు.

“ఒక్కొక్క రోజు బాగా వినిపిస్తుంది బాబూ, ఒక్కొక్క రోజు పక్క బోటు కూడా పలకదు. వాట్లు చాలవేమో” అన్నాడు ఆయన.

ముప్పయి ఏళ్ళు సముద్రం మీద గడిపినవాడు. రేడియో శిక్షణ తరగతికి కూడా ఒకసారి వెళ్ళి వచ్చినవాడు. అక్కడ ఏమి నేర్పారని అడిగాను. “బొమ్మలు చూపించారు, మీటల పేర్లు చెప్పారు. సెట్టును మాత్రం ముట్టుకోనివ్వలేదు” అన్నాడు.

ఆ తరగతి ఎక్కడ జరిగినదో ఇక్కడ అప్రస్తుతం. నేను విమర్శింపదలచినది ఆ ఒక్క తరగతిని కాదు, యంత్రం పేరు తెలిస్తే విద్య వచ్చినట్లే అనుకొనే మన అలవాటును. ఈ దోషం మన పాఠశాలలలోనూ ఉన్నది కనుకనే ఉపాధ్యాయుల ముందు పెడుతున్నాను.

ముందు సరంగు సందేహాన్ని తీర్చుదాము. నావికులు ఆపదలో పిలిచే 16వ చానెలు పౌనఃపున్యం 156.8 మెగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం రమారమి 1.9 మీటర్లు. ఇట్టి తరంగాలు దాదాపు చూపు వలెనే సాగుతాయి. భూమి వంపు అడ్డు వస్తే అంతకు మించి పోవడం అరుదు. ఆంటెనా ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.12 చేత గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. పడవ మీద ఆంటెనా 4 మీటర్ల ఎత్తున ఉంటే దిగంతం 8 కిలోమీటర్ల పైచిలుకు. అట్టి పడవలు రెండు ఉంటే రెండు దిగంతాలను కూడాలి. సుమారు 16 కిలోమీటర్లు. ఒడ్డున కొండమీద 100 మీటర్ల ఎత్తులో ఆంటెనా ఉన్నదనుకోండి. దాని దిగంతం 41 కిలోమీటర్లు, పడవది కలిపితే 49. అంతకంటె దూరం వెళ్ళిన పడవ వాట్లు ఎన్ని పెంచినా లాభం స్వల్పమే. అదే ఆంటెనాను 4 నుంచి 9 మీటర్లకు లేపితే పడవ దిగంతం 8 నుంచి 12 కిలోమీటర్లకు పెరుగుతుంది. ఇక “ఒక్కొక్క రోజు” సంగతి: చల్లని, తేమగాలి మీద వెచ్చని పొడిగాలి పొర పరుచుకొన్నప్పుడు తరంగాలు వంగి, మామూలు దిగంతాన్ని దాటిపోతాయి. ఆ అదృష్టాన్ని నమ్ముకొని ప్రాణాలు పందెం వేయరాదు. ఈ నాలుగు లెక్కలు పదవ తరగతి విద్యార్థి చేయగలడు. సరంగుకు వీటిని ఎవరూ చెప్పలేదు!

రెండవది మాటల క్రమం. ఈ రేడియోలో మీట నొక్కి ఉంచినంతసేపు మనం మాట్లాడగలమే కాని వినలేము. ఎవరి మీటైనా పొరపాటున ఇరుక్కుపోతే చుట్టుపక్కల ఆ చానెలు మూగపోతుంది. కనుక ముందు వినాలి, తరువాత నొక్కాలి, చెప్పి వదలాలి. ఆపదలో “మేడే” అని మూడుసార్లు, పడవ పేరు మూడుసార్లు, ఉన్న చోటు, వచ్చిన ఆపద, కావలసిన సాయం, పడవలోని మనుషుల సంఖ్య వరుసగా చెప్పాలి. పుస్తకంలో ఇది ఆరు పంక్తులు. నీరు ఇంజను గదిలోకి వస్తూ ఉండగా వణికే నోటితో చెప్పడం వేరు. ఈత గురించిన పుస్తకం చదివినవానిని ఎవరూ బావిలోకి దింపరు గదా!

“ఇప్పుడు అన్నీ యంత్రాలే చేస్తాయి” అని కొందరు అంటారు. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ మంచుకొండను ఢీకొన్నప్పుడు సమీపంలోని కాలిఫోర్నియన్ ఓడలో ఉన్న ఒక్క రేడియో ఉద్యోగి నిద్రపోయాడు. కార్పేథియా ఓడ ఉద్యోగి పడుకోబోతూ ఇంకా వింటూ ఉండడంవల్ల ఏడు వందల మందికి పైగా బ్రతికారు. ఆ గుణపాఠం ఫలితంగా ఓడలలో నిరంతర శ్రవణం నియమమైనది. 1999 ఫిబ్రవరి 1 నాటికి ప్రపంచ ఆపద రక్షణ వ్యవస్థ పూర్తిగా అమలులోకి వచ్చి, పెద్ద ఓడలలో మోర్సు ఉద్యోగి స్థానాన్ని ఉపగ్రహాలు, డిజిటల్ పిలుపులు తీసుకొన్నవి. నిజమే. కాని ఆ ఉద్యోగి పోవడంతో ఆయన పని అందరి మీదా పడింది. ఎర్ర మీట ఉన్న సెట్టులో తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్యను నమోదు చేసి, జి.పి.ఎస్.ను కలిపి ఉంచితేనే ఆ మీట “ఎవరు, ఎక్కడ” అన్నది చెప్పగలదు. యంత్రం సులువైన కొద్దీ దానిని సిద్ధంగా ఉంచే మనిషి తెలివి మరింత అవసరమవుతున్నది.

చిన్న నావలో ఇది ఇంకా స్పష్టం. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి 2018 మే నెలలో భూగోళాన్ని చుట్టివచ్చిన నౌకాదళపు తెరచాప నావ తారిణిలో ఉన్నది ఆరుగురు మహిళలే. వారిలో పి. స్వాతి మన విశాఖపట్నం ఆమె. బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు ఆమె. రేడియోకు వేరే ఉద్యోగి ఉండే వీలు అట్టి నావలో లేదు. మన చేపల బోటుదీ అదే స్థితి.

మూడవది భాష. ఆపద సందేశంలో ప్రాణం అంకెలలో ఉన్నది. ఆంగ్లంలో ఐదు, తొమ్మిది కలగాపులగం కాకుండా నావికులు వాటిని ప్రత్యేకంగా ఉచ్చరిస్తారు. మన భాషలో ఆ జాగ్రత్త ఏదీ? గాలి హోరులో “మూడు”, “ఏడు” రెండూ “డు” గానే మిగులుతాయి. 17 డిగ్రీల 33 నిమిషాలను 37గా విన్నారనుకోండి. అక్షాంశంలో ఒక నిమిషం 1.852 కిలోమీటర్లు, నాలుగు నిమిషాలంటే 7 కిలోమీటర్లకు మించిన పొరపాటు. నీటిలో తేలుతున్న తల కొద్ది వందల మీటర్లనుంచి కూడా కనిపించడం కష్టం. అంకెలను విడివిడిగా చెప్పడం, విన్నవాడు తిరిగి చదివి వినిపించడం అనే రెండు అలవాట్లు తెలుగులోనే నేర్పితే చాలు.

మంచిని కూడా చెప్పాలి. చేపల నౌకల నావికులకు, ఇంజను పనివారికి శిక్షణనిచ్చే కేంద్ర సంస్థ శాఖ 1981 నుంచి విశాఖపట్నంలో ఉన్నది. ఇస్రో రూపొందించిన రెండవ తరం ఆపద ప్రేషకంలో ఒడ్డునుంచి జవాబు పడవకు చేరుతుంది. సెల్‌ఫోనులో స్వభాషలో చదువుకోవచ్చు. ఐతే సెల్‌ఫోను పిలుపు ఒక్కరికే చేరుతుంది, ఒడ్డు దాటి కొంత దూరం పోతే అదీ లేదు. 16వ చానెలు పిలుపు వింటున్న ప్రతి పడవకూ చేరుతుంది. దగ్గరి పడవే ముందు రాగలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఒడ్డు మీది సెల్‌ఫోనులే మూగపోయినవి గదా.

కావలసినది ఖరీదైన ప్రయోగశాల కాదు. అనుమతితో రెండు సెట్లు, ఆంటెనాలకు బదులు శక్తిని వేడిగా మార్చే నిరోధకాలు, రెండు గదులు ఉంటే చాలు. ప్రతి మనిషీ పదిసార్లు పిలవాలి, పదిసార్లు విని రాయాలి. ధ్రువపత్రం ఆ తరువాత.

ఉపాధ్యాయులు రేడియో లేకుండానే దీనిని పరీక్షింపవచ్చు. ఇద్దరు విద్యార్థులను వీపు వీపు ఆనించి కూర్చోబెట్టి, తరగతిని గోల చేయమనండి. ఒకరు అక్షాంశ రేఖాంశాలతో ఆపద సందేశం చెప్పాలి, రెండవవారు రాయాలి. తప్పులు లెక్కించండి. మా తరగతిలో మొదటి రోజు ఆరు జతలలో ఒక్క జత మాత్రమే సరిగా రాసింది. నాలుగవ రోజుకు ఐదు జతలు. ఈ మధ్య వారికి కొత్త సిద్ధాంతమేదీ నేర్పలేదు. చెప్పించాను, వినిపించాను, మళ్ళీ చెప్పించాను, అంతే.