గోడకెక్కిన విమానం: పాత ఛాయాచిత్రాన్ని విమర్శ దృష్టితో చూడటం

1. పరిచయం

పాత ప్రయాణికుల విమానాల ఛాయాచిత్రాలను పెద్దవి చేయించి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవడం విమానాలంటే ఇష్టపడేవారిలో అనేక దేశాల్లో కనిపించే అలవాటు. గది అందం కోసం పెట్టుకున్న బొమ్మకు విమర్శ ఎందుకని మీరు అడగవచ్చు. గోడమీది బొమ్మను మనం రోజూ చూస్తాం. రోజూ చూసేదాన్ని ప్రశ్నించడం మానేస్తాం. విమర్శ అవసరం అక్కడే మొదలవుతుంది.

ఈ పాఠంలో లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్ అనే విమానం చిత్రాలను ఉదాహరణగా తీసుకుని మూడు ప్రశ్నలు వేసుకుందాం. చిత్రంలో ఏం కనిపిస్తోంది? అది అలా ఎందుకు కనిపిస్తోంది? ఏం కనిపించడం లేదు?

2. ఏం కనిపిస్తోంది?

కాన్‌స్టలేషన్ మొదటిసారి 1943లో ఎగిరింది. నాలుగు పిస్టన్ ఇంజన్లు, నాలుగు ప్రొపెల్లర్లు గల విమానం ఇది. దీని దేహం తిన్నని గొట్టంలా ఉండదు. ముక్కు నుంచి తోక దాకా చేప ఒంటిలా మెల్లగా వంపు తిరిగి ఉంటుంది. వెనుక మూడు నిలువు తోకలు ఉంటాయి. ఒకే తోక పెడితే అది మరీ ఎత్తుగా ఉండి ఆనాటి షెడ్లలో పట్టదు. అందువల్ల మూడు పొట్టి తోకలు పెట్టారు. ఈనాడు మనం అందమని మెచ్చుకునేది ఆనాడు అవసరం కోసం చేసిన ఏర్పాటు. ఇది గుర్తించడం విమర్శలో మొదటి మెట్టు.

ఇప్పుడు ప్రొపెల్లర్లను చూడండి. కెమెరా షట్టరు చాలా వేగంగా పనిచేస్తే తిరుగుతున్న రెక్కలు కదలకుండా నిలిచినట్టు పడతాయి. విమానం గాలిలో ఉన్నా దారం కట్టి వేలాడదీసిన ఆటవస్తువులా కనిపిస్తుంది. షట్టరు వేగం తగ్గిస్తే రెక్కలు పొగమంచు చక్రంలా పడతాయి. కాని చెయ్యి కొంచెం కదిలినా చిత్రమంతా మసకబారుతుంది. ప్రొపెల్లరు చక్రంలా మసకగా, విమానం మీది అక్షరాలు మాత్రం స్పష్టంగా ఉన్న చిత్రం దొరికితే, అది నేర్పున్న చేతి పని అని మీరు ధైర్యంగా చెప్పవచ్చు.

3. అలా ఎందుకు కనిపిస్తోంది?

ఆ కాలపు రంగు చిత్రాల్లో ఆకాశం దాదాపు ఎప్పుడూ నీలంగానే ఉంటుంది. అల్యూమినియం దేహం ఎండలో మెరుస్తుంటుంది. ఆ రోజులే అంత వెలుగుతో నిండి ఉండేవని చూసేవారికి అనిపిస్తుంది. అసలు కారణాల్లో ఒకటి ఫిల్మ్. అప్పట్లో పేరున్న రంగు ఫిల్మ్ కోడాక్రోమ్. వెలుగును గ్రహించే దాని వేగం మొదట్లో సుమారు 10 మాత్రమే. 1961లో వచ్చిన కోడాక్రోమ్-2 వేగం కూడా 25 దాటలేదు. మంచి ఎండ లేకపోతే దానితో ఫొటో తీయడం కష్టం. వానలో తడిసిన విమానాలు, రాత్రి బయలుదేరిన విమానాలు ఆనాడూ ఉన్నాయి. రంగుల్లో మనదాకా వచ్చినవి మాత్రం ఎక్కువగా ఎండలో నిలిచినవే. కాబట్టి గోడమీద మెరుస్తున్న గతంలో కొంత భాగం ఫిల్మ్ చేసిన ఎంపిక అని గ్రహించండి.

4. ఏం కనిపించడం లేదు?

పిస్టన్ ఇంజన్లు నూనె కార్చేవి. వాటి పొగ రెక్కల మీద నల్లని చారలు వేసేది. గోడ కోసం చిత్రాన్ని సిద్ధం చేసేటప్పుడు కొందరు కంప్యూటరులో ఆ మరకలు తుడిచేస్తారు. అంచున నిలబడిన పనివాళ్లను, నిచ్చెనలను, పెట్రోలు బండిని కత్తిరించేస్తారు. విమానం మిగులుతుంది. దాన్ని ఎగరనిచ్చిన శ్రమ మాయమవుతుంది.

అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. ‘మలబార్ ప్రిన్సెస్’ అనే కాన్‌స్టలేషన్ 1948 జూన్ 8న బొంబాయిలో బయలుదేరి కైరో, జెనీవాల మీదుగా లండన్ చేరింది. ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ నడిపిన మొదటి అంతర్జాతీయ సర్వీసు అదే. ఈ పేరున్న విమానం చిత్రం కింద ఆ తేదీ రాస్తే చూసేవారికి గర్వం కలుగుతుంది. అదే విమానం 1950 నవంబర్ 3న అదే దారిలో వెళ్తూ ఆల్ప్స్ పర్వతాల్లోని మాంట్ బ్లాంక్‌ను ఢీకొంది. ప్రయాణికులు 40 మంది, సిబ్బంది 8 మంది, మొత్తం 48 మందీ చనిపోయారు. ప్రయాణికుల్లో అత్యధికులు బ్రిటన్‌లో ఓడ మీద పనికి చేరడానికి వెళ్తున్న నావికులు. రాజకుమారి పేరు పెట్టుకున్న విమానం ఆనాడు మోసుకెళ్లింది కూలిపని చేసుకునేవాళ్లను. మొదటి తేదీ రాసి రెండో తేదీ వదిలేస్తే చిత్రం అబద్ధం చెప్పినట్టు కాదు, కాని నిజాన్ని సగంలో ఆపినట్టవుతుంది.

5. తీర్పు

“ఇంట్లో అందానికి పెట్టుకున్న బొమ్మ కింద చావు కబురు ఎందుకు?” అని ఎవరైనా అడగవచ్చు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇష్టంతో చూసే హక్కు చూసేవారికి ఉంది. అయితే మన ఇళ్లలో గోడమీది ఫొటోలను ఒకసారి గుర్తు చేసుకోండి. తాతయ్య ఫొటో కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ రెండూ ఉంటాయి. రెండో తేదీ ఉన్నందువల్ల ఆ ముఖం మీద మన ప్రేమ తగ్గలేదు. దాని ఎదుట మనం మరికాసేపు నిలబడతాం. పోయిన విమానానికీ ఆ మర్యాద చెల్లుతుంది. కాబట్టి ఈ చిత్రాలను తూచేటప్పుడు చిత్రంతోపాటు కింది రాతను కూడా తూచండి. మరకలు తుడవని ముద్రణ, రెండు తేదీలూ ఉన్న రాత గల చిత్రమే మెరుగైనదని ఈ పాఠం అభిప్రాయం. దీనితో మీరు ఏకీభవించకపోవచ్చు. అప్పుడు కారణాలు చూపండి.

6. అభ్యాసం

మీ ఇంట్లోనో, మీ ఊరి బస్టాండులోనో, దుకాణంలోనో గోడకున్న ఒక పాత ఛాయాచిత్రాన్ని ఎంచుకోండి. పై మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఆ తర్వాత దాని కింద ఉండవలసిన రాతను మీ మాటల్లో రెండు వాక్యాల్లో కూర్చండి.