తబలా పక్కన ఆరు చలికాలాలు

శామీర్‌పేట వైపు రాజీవ్ రహదారి పక్కన ఫంక్షన్ హాళ్ళు చాలా ఉన్నాయి. పెళ్ళిళ్ళ సీజన్‌లో అక్కడ తరచూ ఒకటే దృశ్యం. బరాత్ ముందు డప్పుల వాళ్ళు చెమటలు కక్కుతూ కొడుతుంటారు. ఫొటోగ్రాఫర్ వచ్చి "అన్నా, జర పక్కకు జరుగుండ్రి, ఫ్రేంలకొస్తుండ్రు" అంటాడు. వాళ్ళు జరుగుతారు, దెబ్బ మాత్రం తప్పదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు దయానితా సింగ్ గుర్తొస్తుంది. ఆమెనూ ఒకప్పుడు అలాగే పక్కకు నెట్టారు. కాకపోతే అక్కడ నెట్టించుకున్నది కెమెరా పట్టుకున్న మనిషి.

1980ల మొదట్లో ఆమె అహ్మదాబాద్ ఎన్.ఐ.డి.లో విద్యార్థిని. జాకిర్ హుస్సేన్ కచేరీని ఫొటో తీయబోతే నిర్వాహకుడొకడు నెట్టేశాడు, జనం ముందు కింద పడింది. ఆ కోపంతో జాకిర్ దగ్గరకే వెళ్ళి, నేనూ ఒకరోజు పేరున్న ఫొటోగ్రాఫర్‌నవుతాను, అప్పుడు చూద్దాం అని చెప్పిందట. ఆయన నవ్వి ఊరుకోకుండా ఫొటోలు తీసుకోవడానికి రమ్మన్నాడు. తర్వాత ఆరు చలికాలాలు, అంటే ఆరు కచేరీ సీజన్లు, ఆయన వెంట తిరిగింది. కాలేజీకి ప్రాజెక్టుగా చేసిన ఆ పుస్తకం 1986లో అచ్చయింది. ఆమె చేత్తో అతికించి తయారుచేసుకున్న నమూనాను 2019లో జర్మనీ ప్రచురణకర్త స్టైడల్ యథాతథంగా వేశాడు.

సంగీతకారుడి ఫొటో అనగానే మనకొక మూస ఉంది. మూసిన కళ్ళు, తెరిచిన నోరు, గాల్లో లేచిన చెయ్యి. జాకిర్ విషయంలో ఎగిరే జుట్టు. తర్వాత టీ ప్రకటనలో దేశమంతా చూసింది ఆ జుట్టునే. దయానితకు ఆ క్షణం ఒక్కటే చాలలేదు. కచేరీకి ముందూ వెనకా, ఇంట్లో, ప్రయాణంలో, తండ్రి అల్లారఖా పక్కన జాకిర్ ఎలా ఉంటాడో చూసింది. తండ్రి పక్కన కూర్చున్న కొడుకు ఉస్తాద్ కాదు, ఇంకా శిష్యుడే. స్టేజీ ముందు నిలబడ్డ కెమెరాకు అది దొరకదు.

ఒక లోపం కూడా చెప్పాలి. ఆ పుస్తకంలో ఆరాధన ఎక్కువ. గురువు విసుక్కున్న ముఖమో, చేతులు మొరాయించిన రోజో నాకు కనిపించలేదు. జాకిరే తన మొదటి గురువనీ, రియాజ్ అంటే ఏమిటో ఆయన దగ్గరే నేర్చుకున్నాననీ ఆమే చెప్పింది. శిష్యురాలు తీసిన బొమ్మలు మరి!

ఆ రియాజ్ మాత్రం ఊరికే పోలేదు. విదేశీ పత్రికలకు ఫొటో జర్నలిస్టుగా చేసి, ఆ పని వదిలేసింది. ఫొటో కన్నా ఫొటోల వరస ముఖ్యమంటూ పుస్తకాలనే తన కళగా చేసుకుంది. 2017 నాటి 'మ్యూజియం భవన్' ఒక పెట్టెలో తొమ్మిది మడత పుస్తకాలు; విప్పి నిలబెడితే అదే ప్రదర్శన. ఒక్క బొమ్మ దగ్గర ఆగకుండా లయ వెతకడం తబలా పక్కన కూర్చున్నందుకే అబ్బిందని నా నమ్మకం. 2022లో హాసెల్‌బ్లాడ్ అవార్డు వచ్చింది. 2024 డిసెంబర్‌లో జాకిర్ పోయాక నేను మళ్ళీ తెరిచింది ఆ పాత పుస్తకాన్నే.

మా జిల్లాలోనే, అల్వాల్‌లో, గద్దర్ ఇల్లు. 2023 ఆగస్టు 6న ఆయన పోయిన రోజు ఫోన్లో నాకొచ్చిన ఫొటోలన్నిట్లో గొంగడి, చేతికర్ర, ఎత్తిన చెయ్యి. అవి మంచి ఫొటోలే. కానీ పొద్దున్నే ఇంట్లో కూర్చుని కొత్త బాణీ కూనిరాగం తీస్తూ, నచ్చక మళ్ళీ మొదలుపెట్టే గద్దర్ ఎలా ఉండేవాడు? నేను చూసిన బొమ్మల్లో ఆ మనిషి లేడు.

మొన్న మళ్ళీ శామీర్‌పేటలో ఒక పెళ్ళికి పోయిన. హాలు వెనక గోడ దగ్గర నలుగురు గడ్డి మంట పెట్టి డప్పులు కాగబెట్టుకుంటున్నారు. ఒక పెద్దాయన వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మంట మీదకు తిప్పాడు. ఫొటోగ్రాఫర్ లోపల స్టేజీ లైట్లు సరిచూసుకుంటున్నాడు.