జంటపేరులోని కృతజ్ఞత

తెలుగు కావ్యముల అవతారికలు చదువునపుడెల్ల మాకు ఒక వెలితి తోచుచుండును. అందు ఇష్టదేవతాస్తుతి కలదు, పూర్వకవిస్తుతి కలదు, కుకవినింద కలదు, కృతిపతి వంశవర్ణనము, కొండొకచో ఆయన వ్యాపారవర్ణనము కూడ కలదు. శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టికి అంకితము చేయుచు, ఆ సెట్టి దూరదేశములనుండి తెప్పించిన సరకుల పేర్లను సైతము పద్యమున కూర్చెను. కాని కవి చెప్పుచుండగా వ్రాసిపెట్టిన వ్రాయసకాడెవడు? పొరుగూరినుండి తాళపత్రప్రతిని ఎరువు తెచ్చి యిచ్చిన మిత్రుడెవడు? రాత్రివేళ దీపమున చమురు పోసిన ఇల్లాలి పేరేమి? పెద్ద ఈవికి పద్యములు దొరకినవి. చిన్నసాయమునకు తరచుగా ఒక వచనవాక్యమైనను దొరకలేదు.

ఈ వెలితిని మనసులో నుంచుకొని చూచినపుడు, తిరుపతి వేంకట కవులను జంటపేరు మాకు వేరొక అర్థముతో కనబడును. దానిని బిరుదుగా, సభలలో మ్రోగిన జయఘోషగా చూచుట మనకు అలవాటు. అది ఒక కృతజ్ఞతాపత్రమని మా అభిప్రాయము.

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1870లో కడియమున జన్మించిరి. ఆ కుటుంబము తరువాత, అప్పటికి ఫ్రెంచివారి యేలుబడిలో నున్న యానామునకు చేరినది. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో భీమవరము దగ్గరి యండగండిలో పుట్టిరి. ఇరువురును చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులు. వీరి చెలిమికి మొదలు ఒక తగవని ప్రసిద్ధి. వినాయకచవితి ఉత్సవమునకు చందాలు పోగుచేయు విషయమున ఇద్దరికిని స్పర్ధ కలిగెనట. ఊరివారు వేసిన కాసులు, అర్ధణాలు పోగుచేయుటకు పుట్టిన పంతము తెలుగుకవిత్వమునకు ఇంతటి ఫలమిచ్చునని ఆ చందా వేసినవారిలో ఎవరును ఊహించి యుండరు. పంతములో ఒకరి శక్తి నొకరు ఎరిగిరి. తిరుపతిశాస్త్రిగారి తర్కబలము, శాస్త్రపరిచయము, శాంతస్వభావము వేంకటశాస్త్రిగారిని ఆకర్షించినవి. వేంకటశాస్త్రిగారి లోకజ్ఞత, పద్యధార తిరుపతిశాస్త్రిగారిని మెప్పించినవి. తనకు లేనిది ఎదుటివానియందు చూచి అసూయపడుట లోకమున సులభము. వీరు ఆ లేనిదానిని ఉమ్మడిసొత్తుగా చేసికొనిరి.

విమర్శకులు కొందరు ఇక్కడనే త్రోవ తప్పిరని మాకు తోచును. ఈ పద్యము ఎవరిది, ఆ నాటకములో ఏ రంగము ఎవరిచేతిది, శైలిలో మెత్తదనము ఒకరిదా, కాఠిన్య మొకరిదా అని విడదీయుటకు వారు పడిన శ్రమ కొంచెము కాదు. ఉమ్మడి కుటుంబములోని వంటను రుచి చూచి, ఉప్పు పెద్దకోడలిదా, పులుపు చిన్నకోడలిదా అని తీర్పు చెప్పబూనుట వంటిదే ఇదియు. తెలుగున జంటకవిత్వము వీరితో పుట్టినది కాదు. పదునైదవ శతాబ్దమున నంది మల్లయ, ఘంట సింగయలు ప్రబోధచంద్రోదయమును కలిసియే చెప్పిరి. కాని ఆ జంటయొక్క చెలిమి ఎట్టిదో మనకు కావ్యమునుండి అంతగా తెలియరాదు. తిరుపతి వేంకట కవుల విషయమున తెలియును. ఏలయన, దానికి 1920వ సంవత్సరము సాక్ష్యము.

ఆ యేట తిరుపతిశాస్త్రిగారు గతించిరి. వేంకటశాస్త్రిగారు 1950 వరకు జీవించిరి. ఆ ముప్పది యేండ్లలో ఆయన వ్రాసినదానిని తన యొక్కని పేరుతో ప్రకటించుకొనినను కాదనువారు లేరు. శాసించు కృతిపతి లేడు. అడుగు భాగస్వామి లేడు. అయినను ఆయన రచనలు జంటపేరుతోనే వెలువడుచు వచ్చినవి. 1949లో మద్రాసు ప్రభుత్వము వారి ఆస్థానకవిత్వము వేంకటశాస్త్రిగారికి లభించినప్పుడు కూడ, జనుల మనసున ఆ గౌరవము ఇరువురికిని చెందినట్లే యుండెను.

దీనిని ఋణము తీర్చుకొనుట అనవచ్చునా? అనరాదని మా మతము. ఋణముగా తలచిన కృతజ్ఞతకు మన భారతములో కర్ణుడు గొప్ప ఉదాహరణము. ఉద్యోగపర్వకథలో కృష్ణుడు జన్మరహస్యము చెప్పి పిలిచినను, అతడు సుయోధనుని విడిచి రాడు. ఆ స్నేహము ఉదాత్తమైనదే. కాని అందొక బరువు కలదు. అంగరాజ్యము నిచ్చిన చేతిని కర్ణుడెన్నడును మరువలేడు. తప్పు అని యెరిగియు మిత్రుని తప్పులో పాలుపంచుకొనును. వేంకటశాస్త్రిగారి జంటసంతకములో ఆ బరువు లేదు. అందున్నది ‘నీకు నేను బాకీ’ అను మాట కాదు, ‘ఇందులో నీ పాలు కలదు’ అను మాట. ఉద్యోగపర్వకథను పాండవోద్యోగ విజయములుగా నాటకీకరించి, పల్లెపల్లెల నోట పద్యములు పలికించినవారి జీవితములో ఈ భేదము ఇట్లు కనబడుట మాకు ఇంపుగా నున్నది.

ఇక అవధానము సంగతి. అవధానమును ఒక్కని మేధావిలాసముగా మనము కొనియాడుదుము. కాని దాని నిర్మాణము చూడుడు. శతావధానమునకు నూరుగురు పృచ్ఛకులు కావలయును. ఒకడు సమస్య నిచ్చును. ఒకడు నాలుగు పొసగని మాటలిచ్చి దత్తపది కోరును. ఒకడు వర్ణన మడుగును. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క చరణముగా వరుస తిరిగి, నాలుగు ఆవృత్తులు ముగిసిన పిదప నూరు పద్యములను ధారణనుండి అప్పజెప్పును. సమస్యయందు ఒక పాదము పృచ్ఛకునిదే. అనగా ఆ పద్యములో నాలుగవపాలు, సభలో వెనుక వరుసనుండి లేచి అడిగిన ఏ బడిపంతులుదో, ఏ కరణముగారిదో అయి యుండును. మంచి సమస్య లేనిదే మంచి పూరణ లేదు. చప్పని ప్రశ్న వేసినచో మహాకవియు చప్పని పద్యమే చెప్పును. ఇన్ని అవధానముల పద్యములు అచ్చుపడినవి గదా, పృచ్ఛకుల పేర్లెన్ని నిలిచినవి? తరచుగా ‘సమస్య’ అని శీర్షిక మాత్రము కనబడును. వ్రాసికొన్న వాని పేరు అంతకంటెను అరుదు. ఆశువుగా చెప్పిన పద్యము కాగితమెక్కినదనగా, అచ్చట ఒకడు కలము పట్టుకొని తాను చప్పట్లు కొట్టుట మాని కూర్చుండెనన్నమాట.

యానాము కథ యొకటి ఇచ్చట చెప్పదగినది. యౌవనారంభమున వేంకటశాస్త్రిగారు యానాము వేంకటేశ్వరస్వామిపై శతకము చెప్పగా, అందలి వ్యాకరణదోషము నెవరో ఎత్తిచూపిరనియు, ఆ చురుకుతోనే ఆయన శాస్త్రము చదువ పట్టుబట్టి కాశికి పయనమైరనియు చెప్పుదురు. తప్పు చూపినవాడు ఆ నాడు శత్రువువలె తోచియుండును. చందా వేసినవానిని, పాదమిచ్చినవానిని లెక్కించునపుడు, దోషము చూపినవానిని కూడ లెక్కింపవలయును. కాశీప్రయాణమునకు సొమ్ము కోనసీమ సభలలో పద్యములు చెప్పి కూడబెట్టుకొన్నారందురు. ఆ విద్యకు మూలధనము కూడ చిన్నచిన్న సంభావనలే.

ఈ కవులను పొగడుటయే మా పని కాదు. కృతజ్ఞత తెలిసిన ఈ కలమే గీరతము వంటి వివాదరచనలలో ప్రతిపక్షకవులపై ఎంత కారము చల్లినదో చదివినవారెరుగుదురు. చెలికానికి సగపాలిచ్చిన మనసు తోటికవులకు మర్యాదయైనను పూర్తిగా ఈయలేకపోయినది. ఆ కలహములు పండితులకు కొన్నాళ్లు వినోదమైనవి. సాహిత్యమునకు మిగిలినది కొంచెమే. వానికంటె వేంకటశాస్త్రిగారి ‘కథలు – గాథలు’ మాకు విలువైనవి. అందు విషయము వదలి ప్రక్కదారులు పట్టుదురని ఆక్షేపించుట కద్దు. నిజమే, పట్టుదురు. అవతారికలలో చోటు దొరకని సామాన్యులు ఆ ప్రక్కదారులలోనే మనకెదురగుదురు. గద్వాల, ఆత్మకూరు వంటి సంస్థానముల వైభవముకంటె, త్రోవలో ఆదరించినవారిని తలచుకొను ఆ మాటలతీరు మాకు ప్రియమైనది.

బందరు హిందూ హైస్కూలులో ఆయనయొద్ద చదివినవారిలో విశ్వనాథ సత్యనారాయణగారొకరు. తనవంటి శిష్యుడు దొరకుట గురువుగారి భాగ్యమను ధోరణిలో ఆయన గురుస్తుతి చేసిరి. కృతజ్ఞత ఇంత ధీమాగా కూడ ఉండవచ్చునా యని చదువరి నవ్వుకొనును. కాని అది కృతజ్ఞతయే. పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగార్లు వేరొక విధమున చూపిరి. తామును జంటయై సౌందరనందము రచించి గురువునకు అంకితము చేసిరి. రాజులు కృతిపతులైన చోట బడిపంతులు కృతిపతి యయ్యెను.

తెలుగునాటికి వెలుపల స్థిరపడిన మనము అవధానసభ జరుపుకొన్నపుడు, పందిరి వేసినవారికి, హాలు ఇచ్చినవారికి వందనసమర్పణ తప్పక చేయుదుము. పిదప సంచికలో పద్యములు అచ్చువేయుదుము. సమస్యక్రింద పృచ్ఛకుని పేరును, అతని ఊరును ఒక పంక్తిలో వేసిన చాలును. పద్యమును వ్రాసికొన్న విద్యార్థి పేరునకు మరియొక పంక్తి పట్టును. రెండు పంక్తులకు కాగితము చాలదని ఏ అచ్చుకూటమువారును అనరు.