చుక్క పడ్డ చోటు

పలాస జీడి కార్ఖానాలకు పిక్కల బస్తాలు చేరవేసేదీ, కవిటి, సోంపేట తోటల్లోంచి కొబ్బరికాయలూ పనసకాయలూ హైవే మీదికి తెచ్చేదీ, వేట పడవలు ఒడ్డు చేరగానే చేపల్ని ఐసుతో సహా ఎత్తుకుని పరుగెత్తేదీ ఎక్కువగా పికప్ వ్యాన్లే. వాటిలో చేతులు మారిన బండ్లు చాలా. అలాంటి బండి కొన్నవాళ్లను మొదటి వారంలోనే పట్టుకునే ప్రశ్న ఒకటుంది. పొద్దున్నే బండి ముందుకు తీయగానే నేలమీద కనిపించే ఆ మరక ఏమిటి, ఎక్కడిది? షెడ్డుకు తీసుకెళ్తే తరచు వినిపించే జవాబు "సీలు పోయింది, మార్చేద్దాం" అని. ఏ సీలు, ఎలా తెలిసింది అని అడిగేవాళ్లు తక్కువ. భాగం మార్చడం ఈ మరమ్మతులో చివరి పని, చిన్న పని. కారే చోటును రుజువుతో పట్టుకోవడమే పెద్ద పని. ఆ పెద్ద పనికి మనం కూలి కట్టడం లేదు. కట్టడం లేదు కాబట్టే ఒకే బండి ఒకే చుక్క కోసం మూడుసార్లు షెడ్డు ఎక్కుతోందని నా వాదన.

నూనె కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే ఎదురుగాలి దాన్ని వెనక్కి తోస్తుంది. అందువల్ల మరక అసలు చోటుకు కిందా, వెనకా కనబడుతుంది. ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోట, క్లచ్ హౌసింగ్ అడుగున చుక్కలు పడుతున్నాయనుకోండి. చూడగానే క్రాంక్ వెనక సీలు మీదికి పోతుంది అనుమానం. ఆ సీలు ఖరీదు తక్కువే, కానీ దాన్ని చేరాలంటే గేర్‌బాక్సు దించాలి. ఇద్దరి కష్టం, బండికి ఒక రోజు పని పోవడం. అదే చుక్క ఇంకో రెండు చోట్ల నుంచి కూడా రావచ్చు. ఇంజిను నెత్తిన ఉండే టాపెట్ కవర్ ప్యాకింగు వెనక మూలలో గట్టిపడి చిట్లితే, ఆయిలు ఇంజిను వీపు మీదుగా జారి హౌసింగు అంచు పట్టుకుని సరిగ్గా అక్కడే బొట్టు కడుతుంది. దానికి గేర్‌బాక్సు జోలికే పోనక్కర్లేదు, పైకవరు విప్పి ప్యాకింగు మారిస్తే చాలు. మూడోది గేర్‌బాక్సు ముందు సీలు. అప్పుడు దించక తప్పదు గానీ మార్చాల్సిన సీలు వేరు. ఈ మూడింటినీ విడదీయడానికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. డీజిల్ ఇంజినాయిలు నాలుగు రోజులు నడిస్తే మసితో నల్లబడుతుంది. గేరాయిలు తేనెరంగులోనో గోధుమరంగులోనో ఉండి, చిక్కగా, గంధకం ఘాటు కొడుతుంది. చుక్కను వేలికి రాసుకుని వాసన చూడటం, ఇంజిను వీపు మీద టార్చి వేసి పైనుంచి కిందికి గుడ్డతో తుడుస్తూ రావడం, ఇంతే. పైనంతా పొడిగా ఉండి హౌసింగు లోపలి నుంచి మాత్రమే నల్లటి ఆయిలు వస్తుంటే, అప్పుడు క్రాంక్ సీలు పేరెత్తవచ్చు. ఎటూ గేర్‌బాక్సు దించాక రెండు సీళ్లూ మార్చి, క్లచ్ ప్లేటు మీద నూనె పడిందేమో చూడటం తెలివైన పని, ఎందుకంటే కూలి ఒక్కటే.

మిగతా ద్రవాలూ తమ గుర్తులు తామే చెబుతాయి. పవర్ స్టీరింగు ఉన్న బండ్లలో దాని ఆయిలు చాలావరకు ఎర్రగా ఉంటుంది. బ్రేక్ ఆయిలు పల్చగా, లేత పసుపుగా ఉండి పడ్డచోట పెయింటును తినేస్తుంది. డీజిల్‌ను వాసనే పట్టిస్తుంది. కూలెంటు ఆకుపచ్చగానో గులాబీరంగులోనో ఉండి తియ్యటి వాసన వేస్తుంది. ఆ తీపిని నాలుకతో పరీక్షించే అలవాటు ఎవరికైనా ఉంటే ఈరోజే మానాలి. కూలెంటులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ కడుపులోకి పోతే కిడ్నీలను దెబ్బతీసే విషం. కిడ్నీ జబ్బులతో నలిగిన మన ఉద్దానం ప్రాంతంలో ఆ మాట ఎంత బరువైనదో ఎవరికీ వివరించనక్కర్లేదు. పళ్లెంలోకి దించిన కూలెంటును పెరట్లో వదిలేస్తే ఆ తీపికి కుక్కలూ మేకలూ మూతి పెడతాయి.

గుర్తు తెలిశాక చోటు పట్టాలి. దీనికి వరస ఉంది, ఆ వరస తప్పితే రుజువు పోతుంది. ముందు కడగాలి. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మీద ఇసుక కూర్చున్న ఇంజినులో కొత్త తడికీ పాత తడికీ తేడా ఎవరికీ తెలియదు. కడిగి ఆరబెట్టి, అనుమానం ఉన్న అతుకుల మీద మామూలు ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లితే, ఇంజిను నడిచినప్పుడు మొదటి తడి తెల్లటి పొడిలో గీతలా కనిపిస్తుంది. ఆ గీత పై కొస ఎక్కడుందో అదే చోటు. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి, ముందు చక్రం ఎటుందో దానిమీద గుర్తు పెడితే, తెల్లారి ఏ మరక దేని కింద పడిందో అట్టే చెబుతుంది. చల్లగా ఉన్నప్పుడూ చూడాలి, కాగినప్పుడూ చూడాలి. క్లిప్పు వదులైన రబ్బరు పైపు చల్లబడ్డాక కారి, వేడెక్కాక బిగుసుకోవచ్చు. ఒత్తిడి మీద పనిచేసే పైపు ఇంజిను నడిచేటప్పుడు మాత్రమే చిమ్మవచ్చు. పాత బండి అమ్మేవాళ్లు కూడా ఇంజినును నిగనిగలాడేలా కడిగిస్తారు. అందులో మోసమే ఉండాలని లేదు గానీ, కడిగిన ఇంజిను కొనుగోలుదారుకు ఏమీ చెప్పదు. దాన్ని బరువుతో పలాస నుంచి టెక్కలి దాకా, సుమారు 30 కిలోమీటర్లు నడిపి, ఆపి, మళ్లీ కిందికి వంగి చూసినప్పుడే అది మాట్లాడుతుంది.

ఇంతా చేసి సీలు మారిస్తే నెల తిరక్కుండా మళ్లీ కారడం మనకు కొత్త కాదు. సరుకు నాసిరకం అని తిట్టుకుంటాం. కొన్నిసార్లు అది నిజమే. కానీ చాలాసార్లు కారణం సీలులో ఉండదు. పిస్టన్ రింగులు అరిగితే మండిన వాయువులు కింది ఛాంబరులోకి దిగుతాయి. అవి బయటికి పోవాల్సిన బ్రీదర్ పైపు మసితో మూసుకుపోతే, ఒత్తిడి పెరిగి ఆయిలును బలహీనమైన అతుకులోంచి నెడుతుంది. అక్కడ కొత్త సీలు వేస్తే ఇంకో చోట కారుతుంది. ఇంజిను నిదానంగా తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీసి చూస్తే, పొగ బుసబుసా తన్నుకొస్తుందో లేదో తెలిసిపోతుంది. షాఫ్టు మీద పాత సీలు పెదవి ఏళ్ల తరబడి రాసుకుని గాడి చేసి ఉంటే, కొత్త సీలు అదే గాడిలో కూర్చుని తొలి రోజు నుంచే వదిలేస్తుంది. అలాంటప్పుడు సీలును వెంట్రుకవాసి లోతుగానో పైకో కూర్చోబెట్టడం చేయి తిరిగిన మెకానిక్‌కు తెలుసు. వెనక డిఫరెన్షియల్‌కూ ఇలాంటి చిన్న బ్రీదర్ ఉంటుంది. బురద దారుల్లో తిరిగే మన బండ్లలో అది మూసుకుపోవడం సులువు, దాని వంక చూసేవాళ్లు అరుదు.

ఈ తీరంలో కారడమంటే రెండు వైపులా నడిచే దారి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం దగ్గర తీరం దాటి తోటల్ని నేలకూల్చింది. అలాంటి తుపాను తెచ్చే వరదనీళ్లలో కాగిన బండి దిగితే డిఫరెన్షియల్ హౌసింగులోని గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది, నూనె బయటికొచ్చే సందులోంచే నీటిని లోపలికి లాక్కుంటుంది. డిఫరెన్షియల్ ఆయిలు పాలు కలిపిన కాఫీలా మారితే జరిగింది అదే. సీలు ఒక్కటి మారిస్తే చాలదు, బేరింగులూ చూడాలి. చేపల పెట్టెల నుంచి కారే ఉప్పునీరు ఛాసిస్ వెంట పోయే ఇనుప బ్రేక్ పైపుల్ని నెమ్మదిగా తినేస్తుంది. వెనక హబ్ సీలు పోతే గేరాయిలు నేలమీదికి రాకముందే బ్రేక్ డ్రమ్ములోకి చేరి లైనింగును తడిపేస్తుంది. పిక్కల పెంకు నుంచి తీసే జీడినూనెతో తయారయ్యే పొడిని బ్రేక్ లైనింగుల్లో కలుపుతారు. పలాస పెంకులోని నూనె బ్రేకుకు పట్టునిచ్చేది. హబ్ దాటొచ్చిన ఈ నూనె ఆ పట్టును తీసేసేది. లోడుతో హైవే దిగే బండికి ఒక చక్రం పట్టక ఇంకోటి పట్టేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

"పాత బండి అన్నాక కారుతుంది, పోసుకుంటూ పోవడమే చవక" అంటారు. ఈ మాటను నేను కొట్టిపారేయను. చెమర్చడం వేరు, చుక్క కట్టడం వేరు, ధార కట్టడం వేరు. టాపెట్ కవరు అంచున చెమ్మ ఏడాదిపాటు అలాగే ఉండిపోవచ్చు, దాన్ని తుడిచి గమనిస్తే చాలు. కానీ పది సెకన్లకో చుక్క చొప్పున 8 గంటలు పడితే 2,880 చుక్కలు, నా లెక్కన రోజుకు 100 మిల్లీలీటర్లకు అటూఇటూ. పదిరోజులకు దాదాపు లీటరు. డిప్‌స్టిక్ తీసి చూడని బండికి అది ఇంజిను ఖరీదు. బ్రేక్ ఆయిలు, హబ్ సీలు, డీజిల్ విషయంలోనైతే పోసుకుంటూ పోవడమనే మాటే లేదు. ఇంకొందరు పైనుంచి సిలికాన్ పేస్టు పూసేస్తే ఆగుతుందంటారు. నూనె తడి మీద అది అంటదు. విప్పి పూసినా, ఎక్కువైతే లోపలికి పొంగిన ముక్కలు తెగి ఛాంబరులోని జల్లెడకు అడ్డం పడతాయి, అప్పుడు ఆయిలు నిండుగా ఉన్నా ఇంజినుకు అందదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం బండి యజమానిది. బండి ఆగితే కిస్తీ ఆగదు, వెతుకులాటకు రోజు ఎక్కడిది? నిజమే. కానీ నేను చెప్పిన వెతుకులాటలో బండి ఆగాల్సిన పని దాదాపు లేదు. సాయంత్రం కడిగి, పౌడరు చల్లి, మర్నాడు మామూలు లోడుకే పంపి, తిరిగొచ్చాక చూడటం. ఆగేది గేర్‌బాక్సు అనవసరంగా దించినప్పుడు. మెకానిక్ వైపు నుంచి చూస్తే న్యాయం ఇంకా స్పష్టం. గంటసేపు బండి కింద పడుకుని, ఇది క్లిప్పు బిగిస్తే పోయేదని తేల్చిన మనిషికి మనం టీ తాగించి పంపేస్తాం. ఆలోచించకుండా గేర్‌బాక్సు దించినవాడికి పూర్తి కూలి ఇస్తాం. ఏ పనికి డబ్బు దొరికితే ఆ పనే పెరుగుతుంది. చూసిన కూలి అని బిల్లులో ఒక వరస ఉండాలి. దానికి బదులుగా ఎక్కడ తడి చూశారో, ఏది పొడిగా ఉందో, ఎందుకు ఫలానా సీలే అన్నారో రెండు ముక్కలు రాసిమ్మని అడగాలి. తీసిన పాత సీలును చేతికి తీసుకుని దాని పెదవి ఎటు అరిగిందో చూడాలి. దించిన పాత ఆయిలును ఇసుకలో పారబోయకుండా డబ్బాలోకి పట్టాలి, 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో వాడేసిన ఆయిలు కూడా ఉంది. ఉద్దానం ఇసుక నేల నీటితో పాటు దేన్నైనా ఇట్టే కిందికి దించేస్తుంది. మరమ్మతంతా అయ్యాక కొబ్బరి లోడెత్తి బయల్దేరి, టెక్కలి దగ్గర బండి పక్కకు ఆపి, టార్చి పట్టుకుని కిందికి వంగి, హౌసింగు అడుగున తెల్లగుడ్డ ఒకసారి అద్ది చూసుకోవాలి.