ఆర్పని పొయ్యి

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు మొన్న నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు. నేను టెర్మినల్‌లో ఫైలు పేరు కొట్టడం, రెప్పపాటులో అది తెరుచుకోవడం, రెండు ముక్కలు మార్చి మూసేయడం చూసి, "అన్నా, నువ్వు వాడేది ఈమ్యాక్స్ కదా, ఇంత తొందరగా ఎట్లా లేస్తోంది?" అన్నాడు.

"లేవడమేంటి తమ్ముడూ, అసలు పడుకుంటే కదా" అన్నాను.

వాడి అనుమానం సబబే. ఈమ్యాక్స్ అనే ఈ టెక్స్ట్ ఎడిటర్ బరువు మీద పాత జోకులకు కొదవ లేదు. ఎనిమిది మెగాబైట్లు మింగి ఎప్పుడూ ఆయాసపడేది అని ఆ పేరుకు వెటకారంగా అర్థం చెప్పేవారు. ఎనిమిది మెగాబైట్లంటే అప్పట్లో ఏనుగు. ఈమ్యాక్స్ 1976లో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో టీకో అనే ఎడిటర్‌కి తగిలించిన మ్యాక్రోల మూటగా పుట్టింది. పేరు కూడా 'ఎడిటర్ మ్యాక్రోస్' నుంచి వచ్చిందే. 1980ల మధ్యలో రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని గ్నూ ఈమ్యాక్స్‌గా మళ్లీ రాశాడు. అందులో చాలా భాగం లిస్ప్ భాషలో ఉంటుంది. వాడేవాళ్లూ అదే లిస్ప్‌లో దాన్ని తమకు కావలసినట్టు వంచుకోవచ్చు. వ్యసనం మొదలయ్యేది ఇక్కడే.

నా సెట్టింగుల ఫైలు మొదట్లో నాలుగు వరుసలు. రంగులు మార్చాను, మీటలు మార్చాను, తెలుగు టైపింగ్ పెట్టుకున్నాను. ఇప్పుడది వెయ్యి వరుసలు దాటింది. తెరిచిన ప్రతిసారీ ఇవన్నీ మొదటి నుంచి చదువుకుని, ఎనిమిది సెకన్లకు గానీ కళ్లు తెరిచేది కాదు. పొద్దున ఒకసారి అయితే సరే. కానీ కోడ్ మార్పుల లెక్క చూసే గిట్‌లో మార్పు దాచిన ప్రతిసారీ 'ఏం మార్చావో రాయి' అంటూ అది ఎడిటర్‌ని పిలుస్తుంది. ఒక్క వాక్యం రాయడానికి ఎనిమిది సెకన్లు, రోజుకు ముప్పైసార్లు! కొన్నాళ్లు సెట్టింగులు కోసి చూశాను. తీసేసిన ప్రతిదీ వారం తిరక్కుండా మళ్లీ వచ్చి కూర్చుంది.

ఈమ్యాక్స్ ఒక్కసారి మొదలై, సర్వర్‌గా వెనక కూర్చోగలదని అప్పటిదాకా నేను పట్టించుకోలేదు. దానికి ఈమ్యాక్స్‌క్లయింట్ అని చిన్న తోడు ప్రోగ్రాం ఉంది. అది సెట్టింగుల జోలికే పోదు. నడుస్తున్న సర్వర్ తలుపు తట్టి, ఈ ఫైలు తెరువు అని చెబుతుందంతే. గిట్‌కి ఎడిటర్ పేరుగా ఈ క్లయింట్‌ని చెబితే చాలు. రాసేది నా పాత కిటికీలోనే తెరుచుకుంటుంది, అంతసేపూ టెర్మినల్ ఓపిగ్గా కాచుకుని ఉంటుంది. కంట్రోల్-ఎక్స్, ఆ తర్వాత హ్యాష్ కొడితే పని అయిపోయిందని దానికి కబురు వెళుతుంది. 2009లో వచ్చిన 23వ వెర్షన్ నుంచి కిటికీ ఏదీ లేకుండానే సర్వర్‌ని వెనక నిలబెట్టవచ్చు. సర్వర్ లేకపోతే క్లయింటే దాన్ని లేపేలా కూడా చెప్పుకోవచ్చు. విమ్ అనే మరో ఎడిటర్ వాడే మిత్రులు నవ్వుకుంటారు, వాళ్లది ఎలాగూ చిటికెలో తెరుచుకుంటుంది కాబట్టి. నవ్వుకోనివ్వండి.

ఈ సర్వర్‌ని చూస్తే మా నాయనమ్మ పొయ్యి గుర్తొస్తుంది. ఆమె రాత్రి వంట కాగానే నిప్పులన్నీ పొయ్యిలో ఒక మూలకు లాగి బూడిద కప్పేది. పొద్దున్నే బూడిద తోసి, పిడక ముక్క పెట్టి, ఊదుగొట్టంతో నాలుగుసార్లు ఊదితే మంట. అగ్గిపుల్ల ఖర్చు లేదు. అయితే శుక్రవారం మాత్రం నిప్పు పూర్తిగా ఆర్పి, బూడిదంతా ఎత్తిపోసి, పొయ్యి అలికి, ముగ్గేసి కొత్తగా అంటించేది. అదొక ఆచారమనే అనుకున్నాను.

ఆరు నెలల కిందట మా వీధిలో కరెంటు పోయింది. యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. దాదాపు నాలుగు నెలలుగా ఆగకుండా నడుస్తున్న సర్వర్ పోయింది. కరెంటు వచ్చాక లేపితే, పెళ్లి రోజు నగలన్నీ తీసేసిన పెళ్లికూతురిలా బోసిగా లేచింది. ఎప్పుడో ఒక సెట్టింగు మార్చినప్పుడు ఒక బ్రాకెట్ మూయడం మరిచాను. లిస్ప్‌లో అదొక్కటి చాలు. అక్కడి నుంచి కిందిదేదీ అది చదవలేదు. అంతకాలం నడుస్తున్న సర్వర్ ఆ ఫైలు వంక చూడనే లేదు గనక తప్పు బయటపడలేదు. తెలుగు టైపింగ్ సెట్టింగు ఫైలు చివర్లో ఉంది. ఆ సాయంత్రమే అప్పటి కాలమ్ పంపాలి.

బ్రాకెట్ దొరికింది. దొరకనివి వేరే ఉన్నాయి. ఆ నాలుగు నెలల్లో అవసరం వచ్చినప్పుడల్లా, నడుస్తున్న ఎడిటర్‌కే చెవిలో చెప్పి చేయించుకున్న సర్దుబాట్లు అవి. ఒక మీట ఇలా పనిచేయి, ఆ చిన్న ఫంక్షన్ అలా మార్చు అని. ఏదీ ఫైల్లోకి ఎక్కించలేదు. సగం గుర్తొచ్చాయి. మిగతా సగం ఏమిటో ఇప్పటికీ వేళ్లు తడుముకుంటున్నాయి.

ఇంకో తిరకాసు ఉంది. సర్వర్ తాను పుట్టినప్పటి పరిసరాలనే గుర్తుంచుకుంటుంది. కొత్త ప్రోగ్రాం పెట్టి దాని దారి టెర్మినల్‌కి చెప్పానా, టెర్మినల్‌కి తెలుస్తుంది, ఎడిటర్ మాత్రం అలాంటిదేదీ లేదంటుంది. ఈ ఒక్క ముక్క తెలియక నేనొక మధ్యాహ్నమంతా తిట్టుకున్నాను. తిట్టింది కొత్త ప్రోగ్రాంని, పాపం.

కుర్రాడికి ఇవన్నీ చెప్పి, సర్వర్ పెట్టుకో, కానీ ఆదివారం ఆదివారం దాన్ని ఆపి మళ్లీ లేపు అన్నాను. నోటితో చెప్పినవన్నీ అంతకు ముందే ఫైల్లో రాసుకొమ్మన్నాను. వాడు తలూపాడు గానీ, నమ్మినట్టు లేదు.

ఎంతసేపటి నుంచి నడుస్తున్నావని ఈమ్యాక్స్‌ని అడిగే కమాండ్ ఒకటుంది, ఈమ్యాక్స్-అప్‌టైమ్ అని. ఈ కాలమ్ పంపబోతూ అడిగి చూశాను. ఆరు రోజుల తొమ్మిది గంటలు అంది. రేపు ఆదివారం, ఆపేస్తాను.